బెల్లపు ఊట, బెల్జియం బీరు

అమెరికాలో ఉన్న నాలుగేళ్లలో నాకు అంటుకున్న పిచ్చి ఒకటే, ఇంట్లో బీరు చేసుకోవడం. 'చేసుకోవడం' అని రాశాను గానీ, ఆ మాట నాకే తృప్తిగా లేదు. సారా కాస్తారు. కల్లు గీస్తారు. బీరుని ఏం చేస్తారో చెప్పే క్రియ మనకి లేదు. మనం చెయ్యలేదు కాబట్టి.

ఒక ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేసి, మాటల మధ్యలో ఫోను పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లాను. అక్కడ పెద్ద గాజు జాడీలో పందొమ్మిది లీటర్లు బుడబుడమని పులుస్తోంది. అటువైపు అమ్మమ్మ ఉంది. మార్టూరు దగ్గర ఒక పల్లెలో మంచం మీద కూర్చుని, ఫోనుని మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. ఇదేదో సైన్సు ప్రయోగం అని చెబుదామని నోరు తెరిచేలోపే, "ఏరా, ఊట పెట్టావా?" అంది.

ఆమెకి బీరు తెలీదు. ఈస్టు అనే మాట తెలీదు. నురగ చూసింది, అంతే.

ఊట అన్న మాట మన పేపర్లలో ఎప్పుడూ ఒకే రకం వార్తలో కనిపిస్తుంది: 'రెండు వేల లీటర్ల బెల్లపు ఊట ధ్వంసం.' మార్కాపురం, యర్రగొండపాలెం, మాచర్ల డేట్‌లైన్లు. ఖాకీ బట్టల్లో నలుగురు డ్రమ్ముల్ని కాళ్లతో తన్నుతున్న ఫొటో. బెల్లం నీళ్లలో కలిపి, తుమ్మచెక్క వేసి పులియబెడితే అది ఊట. దాన్ని కుండలో మరిగించి ఆవిరిని చల్లారిస్తే సారా. అంటే ఊట దగ్గర ఆగిపోతే అదొక రకం బీరే, కాకపోతే ఎవరూ అక్కడ ఆగరు. ఎందుకు ఆగరు అన్నది నాకు చాలా రోజులు కుతూహలంగా ఉండేది. ఈ వ్యాసం ఆ కుతూహలమే.

*

ముందు నా జాడీలో ఏముందో చెప్పాలి.

నేను చేస్తున్నది బెల్జియన్ స్ట్రాంగ్ గోల్డెన్ ఏల్. నాలుగున్నర కిలోల లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్, తొమ్మిది వందల గ్రాముల మామూలు పంచదార, కొంచెం హాప్స్ పువ్వు, ఈస్టు, నీళ్లు. మాల్ట్ అంటే మన రాగి మాల్ట్ లాంటిదే, బార్లీని మొలకెత్తించి ఎండబెడతారు. గింజ మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైములు, తర్వాత మనం వేడినీళ్లలో నానబెట్టినప్పుడు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి నీళ్లని మరిగించి, చల్లార్చి, ఈస్టు చల్లుతాం. ఈస్టు చక్కెరని తిని ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. మొదట్లో హైడ్రోమీటర్ 1.072 చూపించింది. చివరికి 1.007 చూపిస్తే అందులో ఆల్కహాలు దాదాపు ఎనిమిదిన్నర శాతం. మన వైన్‌షాపుల్లో 'స్ట్రాంగ్' అని రాసుండే బీరు ఎనిమిది దాటదు. కానీ దాని ఘాటు గొంతులో తెలుస్తుంది. దీని ఘాటు తెలియదు. చూడ్డానికి నిమ్మరసంలా ఉంటుంది, రెండో గ్లాసు తర్వాత లేచి నిలబడబోతే అప్పుడు తెలుస్తుంది.

పంచదార ఎందుకంటే, అందులోనే ఉంది కిటుకంతా. ఉత్త మాల్ట్‌తో ఇంత ఘాటు తెస్తే బీరు చిక్కగా, జావలా తయారవుతుంది. మాల్ట్‌లో ఈస్టు తినలేని చక్కెరలు కొన్ని మిగిలిపోతాయి. పంచదారని మాత్రం ఈస్టు మొత్తం తినేస్తుంది, ఏమీ మిగల్చదు. ఘాటు పెరుగుతుంది, చిక్కదనం పెరగదు. బీరు అంటే బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమేనని పట్టుబట్టే జర్మన్లు దీన్ని మోసం అంటారు. బెల్జియం వాళ్లు నవ్వి ఊరుకుంటారు. మన తండాల్లో వాళ్లకైతే చెప్పక్కర్లేదు, వాళ్లది మొత్తం చక్కెరే.

ఈ రకం బీరుకి మూలపురుషుడు డువెల్. బెల్జియంలో బ్రెండాంక్ అనే ఊళ్లో 1871లో మొదలైన మూర్ట్‌గాట్ కుటుంబం బ్రూవరీది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బెల్జియంలో ఇంగ్లిష్ ఏల్స్‌కి గిరాకీ పెరిగింది. ఆల్బర్ట్ మూర్ట్‌గాట్ స్కాట్లండ్ వెళ్లి, తిరిగి తిరిగి, అక్కడి ఈస్టు కాస్త సంపాదించుకొచ్చాడు. యుద్ధం గెలిచిన సంబరంలో ఆ బీరుకి మొదట పెట్టిన పేరు విక్టరీ ఏల్. 1923లో ఊళ్లోని ఒక చెప్పులు కుట్టే ఆయన దాని రుచి చూసి 'ఇది అసలైన దయ్యంరా' అన్నాడట. అప్పట్నుంచి దాని పేరు డువెల్, అక్కడి యాసలో దయ్యం. అప్పుడది ముదురు రంగు బీరు. బంగారు రంగుకి మారింది 1970లో, లేత మాల్ట్‌తో. జాన్ డి క్లర్క్ అనే బ్రూయింగ్ శాస్త్రవేత్త సాయం చేశాడు. ఇప్పటికీ దాన్ని సీసాల్లో నింపాక ఇంకోసారి పులియబెడతారు, వెచ్చటి గదిలో కొన్నాళ్లు, చల్లటి గదిలో కొన్ని వారాలు. మొత్తం మీద మూడు నెలలు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఈస్టు ప్రయాణం కాదు, ఒక చట్టం. 1919 ఆగస్టు 29న బెల్జియం ఒక చట్టం చేసింది. దాని వెనక ఉన్నది ఎమిల్ వాండర్‌వెల్డ్, సోషలిస్టు నాయకుడు, అప్పుడు న్యాయశాఖ మంత్రి. కార్మికులు జెనీవర్ అనే సారా తాగి కూలి డబ్బులు తగలేస్తున్నారని ఆయన బాధ. చట్టం ఏమంది? కాఫీ హోటళ్లలో, బారుల్లో సారా లాంటి ఘాటు మద్యం పొయ్యకూడదు. దుకాణంలో కొనాలంటే రెండు లీటర్లకి తక్కువ అమ్మకూడదు. రెండు లీటర్లు ఒకేసారి కొనే డబ్బు కూలివాడి దగ్గర ఉండదు కదా. బీరుని మాత్రం వదిలేసింది. ఇక జనం సారా లేని లోటుని దేంతో పూడ్చుకుంటారు? బీరుతోనే, కానీ కాస్త గట్టి బీరుతో. బెల్జియంలో ఏడు, ఎనిమిది, తొమ్మిది శాతం బీర్లు వర్ధిల్లడానికి ఈ చట్టం ఒక కారణమని బీరు చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. అదొక్కటే కారణమని నేను అనుకోను. కానీ చట్టం 1983 దాకా నిలిచింది. అరవై ఏళ్లు ఒక దేశం రుచి మీద కూర్చున్న చట్టానికి ఎంతో కొంత ప్రభావం ఉండకుండా పోదు.

ఒక మద్యనిషేధం బంగారు రంగు బీరుకి దారి తీసింది. మన మద్యనిషేధాలు దేనికి దారి తీశాయి?

*

మన వైపు బీరు లేదన్నాను. కల్లు ఉంది. చీరాల, వేటపాలెం, బాపట్ల ఇసుక నేలల్లో బస్సు కిటికీలోంచి చూసినవాళ్లకి ఆ తాటిచెట్ల వరసలు గుర్తుండే ఉంటాయి. గీత కార్మికుడు పొద్దున్నే చెట్టెక్కి, గెల కొసని పల్చగా చెక్కి, లొట్టి కట్టి దిగుతాడు. కారేటప్పుడు అది తియ్యటి నీళ్లు. లొట్టికి లోపల సున్నం రాస్తే తియ్యగానే ఉంటుంది, అది నీరా. రాయకపోతే, నిన్నటి కల్లు తడి ఇంకా ఆరని ఆ లొట్టిలోనే ఈస్టులూ బాక్టీరియా కలిసి పని మొదలుపెడతాయి. ఎవరూ ఈస్టు చల్లక్కర్లేదు, మరిగించక్కర్లేదు. మధ్యాహ్నానికి నాలుగైదు శాతం ఆల్కహాలు. సాయంత్రానికి పులుపు. మర్నాటికి పారబోయాలి.

ఆ 'మర్నాటికి పారబోయాలి' దగ్గరే చరిత్ర మలుపు తిరిగిందని నా అనుమానం. ఒక్కరోజులో పాడైపోయే సరుకుని గోదాములో పెట్టలేం, రైలెక్కించలేం, లెక్క కట్టలేం. ఏ చెట్టు ఎంత కారిందో ఏ అధికారి చూడగలడు? మద్రాసు ప్రభుత్వం 1886లో ఆబ్కారీ చట్టం చేసినప్పుడు కల్లుకి చెట్టు పన్ను పెట్టింది. చెట్టుకింత అని కట్టాలి, కట్టిన చెట్టుకి గుర్తు వెయ్యాలి, దుకాణం విడిగా వేలంపాటలో పాడుకోవాలి. సారా దగ్గరికి వస్తే పని ఇంకా తేలిక. అంతకుముందు ఊరూరా చిన్న చిన్న బట్టీలుండేవి. క్రమంగా వాటిని మూయించి, పెద్ద డిస్టిలరీల్లో కాయించి, అక్కణ్ణుంచి దుకాణాలకి పంపించే ఏర్పాటు వచ్చింది. సారా పాడవదు. పీపాలో కొలవచ్చు, ఘాటుని పరికరంతో తేల్చవచ్చు, దాని ప్రకారం సుంకం వెయ్యొచ్చు. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకిది బాగా తెలిసిన జబ్బు. కొలవడానికి వీలైనదాన్నే సిస్టమ్ ఇష్టపడుతుంది. కొలవడానికి వీల్లేనిది మెల్లగా డాష్‌బోర్డు లోంచి మాయమవుతుంది, ఆ తర్వాత లోకంలోంచి కూడా. ఆబ్కారీ రాబడి మద్రాసు ఖజానాకి భూమిశిస్తు సరసన చెప్పుకునేంత పెద్దదైంది.

గురజాడ 'కన్యాశుల్కం'లో సారా దుకాణం సీను ఉంది కదా. దాన్ని మనం హాస్యం కోసమే గుర్తుపెట్టుకుంటాం. ఈసారి చదివితే ఆ దుకాణం వెనకాల ఉన్న వేలంపాటని కూడా ఊహించుకుని చదవండి.

అందుకే సహాయ నిరాకరణలో మద్యం అంత ముఖ్యమైంది. తాగుడు పాపం అన్నది ఒక ఎత్తు, తాగితే డబ్బు తెల్లవాడి ఖజానాకి పోతుందన్నది ఇంకో ఎత్తు. 1921 మార్చి ఆఖర్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూర్చుంది. ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చాడు. అప్పటికి చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్నుల మీద తిరగబడి ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక వేలమంది ఊరు ఖాళీ చేసి, పొలిమేర దాటి పాకలు వేసుకుని, దాదాపు ఏడాది అక్కడే ఉన్నారు. మరుసటేడు పెదనందిపాడులో శిస్తు నిరాకరణ, పల్నాడులో అడవి పుల్లరి మీద పోరాటం, మించాలపాడులో కన్నెగంటి హనుమంతు చావు. శిస్తు, పుల్లరి, మున్సిపల్ పన్ను, ఆబ్కారీ. ఈ పన్నుల జాబితాలో ఆబ్కారీని కూడా చేర్చి చూస్తేనే కల్లు దుకాణాల ముందు పికెటింగులు అర్థమవుతాయి. అటు తమిళ ప్రాంతంలో పెరియార్ తన తోటలో వందల కొబ్బరిచెట్లు నరికించాడు. చెట్టు ఏం పాపం చేసిందని ఎవరూ అడిగినట్టు లేదు. గీసేవాణ్ణి ఎలాగూ అడగలేదు.

1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చింది. అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం, తర్వాత చిత్తూరు, కడప, ఉత్తర ఆర్కాటు. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఇదొక పిట్టకథలా చెప్పుకుంటాం గానీ చిన్న విషయం కాదు. ఈ దేశంలో సాధారణ అమ్మకం పన్ను అలా, కల్లు కుండ పగిలిన చోట మొలిచింది. గుంటూరు యార్డులో మిర్చి బస్తా మీద వేసే పన్నుకి తాత ఎవరంటే, తాగని కల్లు.

యుద్ధకాలంలో నిషేధం ఆగింది. మళ్లీ 1946 నుంచి జిల్లాలవారీగా మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా ఎండిపోయింది. ఈ చట్టం దృష్టిలో తాటిచెట్టు లొట్టికీ, డిస్టిలరీ పీపాకీ తేడా లేదు. వాండర్‌వెల్డ్ గీసిన గీత, ఇది వదిలేస్తాను అది ఆపుతాను అన్న గీత, మనవాళ్లు గియ్యలేదు.

*

అమ్మమ్మ పుట్టిల్లు అద్దంకి వైపు. ఆమె ఊట గురించి చెప్పిన జ్ఞాపకాలన్నీ సరిగ్గా ఈ నిషేధం రోజులవి, అంటే ఆమెకి పదీ పన్నెండేళ్లప్పటివి. తోడేలు కథ చెప్పినంత మామూలుగా చెప్పేది. వాళ్ల పెదనాన్న ఊటకుండని పెంటకుప్పలో పూడ్చేవాడట. రెండు లాభాలు. ఆ వాసనలో ఈ వాసన పోలీసోళ్లకి తెలీదు. పెంటకుప్ప లోపల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, చలికాలంలో కూడా ఊట పొంగుతుంది. ఇది విన్నప్పుడు నేను బ్రెండాంక్‌లో సీసాలకి కట్టిన వెచ్చటి గది గురించి చెప్పబోయి ఊరుకున్నాను. ఊట తయారైందో లేదో తెలియడానికి కుండ మూతి దగ్గర అగ్గిపుల్ల వెలిగించి పెట్టేవాడట. ఆరిపోతే ఇంకా పులుస్తోందని, వెలుగుతుంటే అయిపోయిందని. నేను డబ్బులు పోసి కొన్న ఎయిర్‌లాక్ చేసే పని అదే, లోపల వాయువు పుడుతోందా లేదా చెప్పడం.

కానీ ఊట దగ్గర ఎందుకు ఆగలేదు? నా ప్రశ్నకి ఇప్పుడు జవాబు దొరుకుతుంది. నిషేధంలో ఏ సరుకు బతుకుతుంది? దాచడానికి చిన్నదిగా ఉండేది, మోయడానికి తేలికగా ఉండేది, చెడిపోనిది. పది కుండల ఊటని కాస్తే ఒక కుండ సారా వస్తుంది. కల్లుకి చెట్టు కావాలి, చెట్టు మైలు దూరం నుంచి కనిపిస్తుంది, ఎక్కినవాడు ఇంకా బాగా కనిపిస్తాడు. బెల్లం ఏ కొట్లోనైనా దొరుకుతుంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా ఇదే జరిగింది, బీరు పోయి విస్కీ నిలిచింది. నిషేధం ఎప్పుడూ ఘాటు వైపే తోస్తుంది. బెల్జియం చట్టం పలచటిదాన్ని వదిలేసి ఆ ఒత్తిడికి ఒక కిటికీ తెరిచింది. మన చట్టం అన్ని కిటికీలూ మూసేసరికి పెంటకుప్పలోంచి దారి చేసుకున్నారు.

ఈ ముడి రాజకీయంగా తెగిన చోటు కర్నూలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టినవాడు. కొత్త రాష్ట్రానికి డబ్బుల్లేవు, గీత కులాలకి పని లేదు, సారా మాత్రం ఆగలేదు. మద్యనిషేధం మీద విచారణకి రిటైర్డ్ ఐసీఎస్ అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన కమిటీ వేశారు. ఇది అమలు కావడం లేదు, ఎత్తెయ్యండని కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. శ్రీకాకుళం వైపు నుంచి గీత కార్మికుల కోసం ఉద్యమం నడిపిన గౌతు లచ్చన్న దీని మీద గట్టిగా నిలబడ్డాడు. కమ్యూనిస్టులు కలిశారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం నెగ్గింది. ఒక్క ఓటు తేడా.

సైమన్ కమిషన్ నాడు తుపాకీకి గుండె చూపించిన మనిషి కల్లు మీద ఓడిపోయాడు. మన బడి పుస్తకాల్లో తుపాకీ ఉంది, కల్లు లేదు. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955లో ఎన్నికలొచ్చాయి, నిషేధం మాత్రం అరవైల చివరిదాకా పేరుకి సాగింది. తర్వాత 1968లో కొత్త ఎక్సైజ్ చట్టం. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు నాటుసారా వార్తల్లో చాలా వాటి మీద 'ప్రకాశం జిల్లా' అని ఉంటుంది. పంతులుగారు చూస్తే ఏమనేవారో.

*

ఇక్కడిదాకా రాసింది చదివితే నేను కల్లు పక్షమనీ, నిషేధం వెర్రితనమనీ తేల్చేసినట్టు అనిపిస్తుంది. అమ్మమ్మ లేకపోతే అలాగే తేల్చేసేవాణ్ణి.

ఎనభైల్లో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పోసి ఊళ్లలోకి పంపింది. పథకం పేరు వారుణి వాహిని, చక్కటి సంస్కృతం. పాల ప్యాకెట్టు ఇంకా రాని పల్లెకి సారా ప్యాకెట్టు వచ్చింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ తినేసింది. మందులు కొట్టిన కొద్దీ పెరిగింది. అప్పులు తీర్చలేక రైతులు ఆ పురుగుమందే తాగారు. మా తాతయ్య పురుగుమందు తాగలేదు. ప్యాకెట్లు తాగాడు. మూడేళ్లు పట్టింది. నేను పుట్టకముందే అయిపోయిన కథ ఇది. మా ఇంట్లో దీని గురించి ఎవరూ ఏడవరు, ఎవరూ మాట్లాడరు కూడా.

1992లో పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠాలు, అందులో 'సీతమ్మ కథ', వాళ్లని కదిలించాయన్నది అందరికీ తెలిసిందే. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఉద్యమం మా జిల్లాలోకీ వచ్చింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం రోజే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం, 1995 జనవరి 16 నుంచి అమలు, 1997లో ఎత్తివేత. చివరికి ఎత్తెయ్యడానికి చెప్పిన కారణాలు 1954లో రామమూర్తి కమిటీ చెప్పినవే దాదాపు. ఖజానా, దొంగసారా.

కానీ ఆ ఆడవాళ్లు అడిగింది వేరు. సారా ఎవరు కాచారు, ఎంత శాతం, చెట్టుదా బెల్లందా అన్న వివరాలు వాళ్ల ప్రశ్న కాదు. కూలి డబ్బు ఇంటికి వస్తుందా రాదా, రాత్రి దెబ్బలు పడతాయా పడవా అన్నది ప్రశ్న. ఆ మాటకొస్తే వాళ్లు పగలగొట్టింది నాటుసారా కుండల్ని మాత్రమే కాదు, ప్రభుత్వ ముద్ర ఉన్న ప్యాకెట్లని. వాండర్‌వెల్డ్ గీసిన గీత చాలా తెలివైనదే, కానీ అది పైనుంచి గీసిన గీత. అది గీస్తున్నప్పుడు బెల్జియం గృహిణిని ఎవరైనా అడిగారో లేదో.

"నువ్వు కూడా వెళ్లావా అమ్మమ్మా, ఆ ఊరేగింపులకి?" అని ఒకసారి అడిగాను, గొప్ప కథేదో వస్తుందని ఆశపడి.

"నేనెందుకు పోతాన్రా. మీ తాత అప్పటికే పోయాడుగా" అంది.

*

2020 జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. కోవిడ్ కట్టడితో ఊళ్లో మందు దుకాణాలు మూసేసి పదిరోజులవుతోంది. అంతకు ముందే రేట్లు బాగా పెరిగిపోయి ఉన్నాయి. నేనప్పటికి తిరిగి హైదరాబాద్ వచ్చేశాను, ఇంట్లోంచి పని. ఆ వార్త చదివిన వారంలో మా టీమ్ చాట్‌లో ఒకతను తను ఇంట్లో చేసిన ద్రాక్ష వైన్ ఫొటో పెట్టాడు. బోలెడు మెచ్చుకోళ్లు. చట్టం ప్రకారం అదీ నేరమే. మన రెండు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఏ మత్తుపానీయమూ తయారు చెయ్యకూడదు, జాడీలోనైనా డ్రమ్ములోనైనా. కానీ అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు మీద ఎక్సైజు దాడి జరిగిందని నేనెప్పుడూ పేపర్లో చూడలేదు. దాడులు తండాల మీదే. వాళ్లది కేసు, మనది హాబీ.

అమెరికాలో కూడా ఇంట్లో బీరు చేసుకోవడం మొన్నటిదాకా నేరమే. 1933లో నిషేధం పోయినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోవచ్చన్నారు గానీ బీరు సంగతి వదిలేశారు. 1978లో కార్టర్ సంతకంతో అది సరైంది, మనిషికి ఏడాదికి వంద గ్యాలన్లు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. ఆ 1978 మార్పు తర్వాత ఇళ్లలో నేర్చుకున్నవాళ్లే అక్కడి చిన్న బ్రూవరీలు చాలా పెట్టారు. మన దగ్గర ఆ క్రమం తిరగబడింది. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకి 2015లో నిబంధనలొచ్చాయి, ఇప్పుడు గచ్చిబౌలిలో బెల్జియన్ రకం బీరు దొరుకుతుంది. కానీ దాని వెనక ఇంట్లో నేర్చుకున్న చేతులు లేవు. ఉన్న చేతులకి లైసెన్సు లేదు.

కురిచేడులో చనిపోయినవాళ్లకి ఊట పెట్టడం తెలిసి ఉంటే బతికేవాళ్లా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. నిజానికి బెల్లపు ఊటలో మనిషిని చంపే విషం పుట్టదు. చంపేది తర్వాత కలిపేది, కల్తీ చేసేది. ఈ మాట అమ్మమ్మతో అంటే, మీ తాతని చంపింది ఏం కల్తీరా అని అడుగుతుంది. అందుకని అనలేదు.

ఆ గరాజ్ జాడీ సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ మొదటి బ్యాచ్ పాడైంది. జులై ఎండల్లో గరాజ్ వేడెక్కి, ఈస్టు రెచ్చిపోయి, గోళ్ల రంగు వాసనొచ్చే బీరు తయారైంది. రెంటచింతల ఎండల్లో అయితే ఇంకేం వచ్చేదో. రెండోసారి చలికాలంలో చేశాను. పంచదార బదులు ఇండియన్ స్టోర్‌లో కొన్న బెల్లం వేశాను, ఎందుకో. బంగారు రంగు పోయి టీ రంగు వచ్చింది. ఆదివారం కాల్‌లో అమ్మమ్మ అదే మొదట అడిగింది.

"నల్లబెల్లమా, తెల్లబెల్లమా?"

"మామూలు బెల్లమే."

"ఫోను దాని దగ్గర పెట్టు. వినపడట్లా."

జాడీకి ఆనించి పట్టుకున్నాను. ఎయిర్‌లాక్‌లోంచి బుడగ వచ్చింది, చాలాసేపటికి ఇంకోటి. అటువైపు ఫ్యాను చప్పుడు, గేదె అరుపు. చెవికి ఆనించుకుని వింటున్నట్టుంది, తెర మీద తెల్ల జుట్టు తప్ప ఏమీ కనిపించట్లేదు.

"ఇంకా రెండ్రోజులు" అంది. తర్వాత, "తక్కువ తాగు" అంది.

మంగళవారం సాయంత్రం హైడ్రోమీటర్ వేసి చూశాను. 1.007.